విలుకాడి చుట్టూ అక్షరాలు

పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టినప్పుడు మా కఫీల్, అంటే దుకాణం యజమాని, నవ్వాడు. ఆ నవ్వే నాకు నచ్చలేదు. తండ్రి పోయి దుకాణం తన చేతికి వచ్చిన దగ్గర్నుంచి ఆయన నాతో నవ్వి మాట్లాడింది లేదు. పైగా అంతకు ముందు రోజే నేను వేరే చోటికి ట్రాన్స్‌ఫర్ అవుతానని చెప్పాను. చెప్పిన మర్నాడే పాత వెండి నాణేల పెట్టె నా ముందు పెట్టి, తాళంచెవి కూడా నా చేతికే ఇస్తే ఏమనుకోవాలి? నా మీద నమ్మకం అనుకునేంత అమాయకుణ్ణి కాదు.

మా దుకాణం సౌదీలో, ఖోబర్ ఊళ్ళో, అల్ అజీజియాలో. షీల్డులు, ఇత్తడి నేమ్‌ప్లేట్లు, రబ్బరు స్టాంపులు, పెళ్ళి ఉంగరాల మీద పేర్లు చేసేవాళ్ళం. మిషన్ మీద అయ్యేవి మిషన్ మీద, చేత్తో చెక్కాల్సినవి నా దగ్గర. మాది జగిత్యాల దగ్గర అవుసుల ఇల్లు. సన్న ఉలి పట్టుకోవడం మా నాయన నేర్పాడు. ఆ ఉలితో అరబ్బీ పేర్లు చెక్కడం నేర్పింది మాత్రం ఈ దుకాణంలో నాకంటే ముందు నుంచి ఉన్న మా ఊరి మామ. వరసకే మామ. నాకు వీసా తీయించి పిలిపించింది కూడా ఆయనే. దుకాణంలో మనుషులు ఒక్కొక్కరే తగ్గుతూ వచ్చి, చివరికి మామ కూడా తాయిఫ్‌లో ఒక దానిమ్మ తోటకు మారిపోయాడు. నేనొక్కణ్ణే మిగిలాను.

మనుషులు తగ్గడానికి కారణం నితాఖాత్ అని సర్కారు పెట్టిన రూలు. సౌదీవాళ్ళను ఎంతమందిని పెట్టుకున్నారన్న దాన్ని బట్టి ప్రతి దుకాణానికీ ఒక రంగు వేశారు. మాది ఎరుపులో పడింది. ఎరుపులో పడ్డ దుకాణంలో ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండి పనిచేసుకునే పర్మిట్, రెన్యూవల్ కాదు. కాకపోతే అందులో ఒక మేలు ఉంది. ఎరుపులో ఉన్నవాడి దగ్గర్నుంచి పనివాడు వేరే కఫీల్ దగ్గరికి మారాలంటే పాత కఫీల్ ఒప్పుకోనక్కర్లేదు. నాకు దమ్మామ్‌లో ఒక చోటు దొరికింది. ఇక నన్ను ఆపగలిగేది ఒక్కటే, కేసు. దొంగతనం చేశాడని ఒక ఫిర్యాదు పడిందా, ట్రాన్స్‌ఫర్ లేదు, ఇంటికి పోదామన్నా ఎగ్జిట్ లేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

అందుకే ఆ పెట్టెను చూస్తే నాకు ఉచ్చులా కనిపించింది. అసలే తల్లి నగ చేసినా కంసాలి ఇంత గీరుకోకుండా ఉండడని లోకంలో మాట. అలాంటి కులంలో పుట్టినవాడి చేతికి తాళంచెవి ఇచ్చి వెళ్ళిపోతే, రేపు ఒక నాణెం తగ్గిందన్నా మారిందన్నా ఎవరి మెడకు చుట్టుకుంటుంది?

కఫీల్ చెప్పిన సంగతి ఇది. ఆ నాణేలు వాళ్ళ నాన్న ఏళ్ళ తరబడి సేకరించినవి. ఇరాన్ వైపు ఒకప్పుడు ఏలిన పార్థియన్ రాజులవి. వాటిని అమ్మి, ఆ డబ్బుతో ఇద్దరు సౌదీ కుర్రాళ్ళను పనిలో పెట్టుకుంటే దుకాణం ఎరుపులోంచి బయటపడుతుందట. కొనేవాడు బహ్రెయిన్ నుంచి వస్తాడు. ఆ వచ్చే మనిషి నాణేల మీది అక్షరాలను కాగితం మీద పెద్దవిగా గీయించి ఉంచమన్నాడు. ఎందుకంటే ఆ వంశంలో ప్రతి రాజూ తన పేరు కాకుండా మూలపురుషుడి పేరే వేయించుకున్నాడట. ఏ నాణెం ఏ రాజుదో తేల్చాలంటే చుట్టూ ఉన్న బిరుదులు చూడాలి, అక్షరాల తీరు చూడాలి. గీసే పని నాది.

"చేస్తాను ముదీర్. కానీ తాళంచెవి నా దగ్గర వద్దు," అన్నాను. "రోజూ పొద్దున మీరే వచ్చి తీయాలి. ప్రతి నాణేన్నీ మీ చేతిలో పెట్టి రెండు వైపులా ఫోటో తీస్తాను. మీ చెయ్యి ఫోటోలో పడాలి."

ఆయన నా వంక వింతగా చూశాడు. "నా మీద నీకు అనుమానమా?" అన్నాడు, మేము దుకాణంలో మాట్లాడుకునే ఆ అరబ్బీ హిందీ కలగూరగంపలో. లేదన్నాను. అబద్ధమే. ఆయనకూ తెలుసు. అయినా సరేనన్నాడు.

గదిలో నాతో ఉండే డ్రైవర్ భాయ్‌ది హైదరాబాద్. ఈ ఫోటోల కథ విని పడీపడీ నవ్వాడు. "అరె భాయ్, నువ్వు చాయ్‌ల చక్కెర ఏసే ముందు గూడ ఫోటో తీస్తవా?" అన్నాడు. అనుమానం పెనుభూతమని మా అమ్మ కూడా అనేది. అనేవాళ్ళకేం, ఇఖామా నాది.

నాణేలు చూస్తే బొటనవేలి గోరంత ఉన్నాయి. ఒకవైపు గడ్డం ఉన్న రాజు తల. రెండోవైపు పీట మీద కూర్చుని విల్లు పట్టుకున్న మనిషి. ఆ విలుకాడి చుట్టూ నాలుగు వైపులా గడి కట్టినట్టు గ్రీకు అక్షరాలు. ఉత్త కంటికి గరుకుగా ఉందనిపిస్తుందే తప్ప అక్షరమని తెలియదు. కంటికి భూతద్దం బిగించుకున్నాక అసలు సంగతి బయటపడుతుంది.

ముందుగా నాకు అర్థమైంది, అవి గీతలు కావు, చుక్కలు. అచ్చు చెక్కినవాడు అక్షరానికి కొసలు ఎక్కడ వస్తాయో చూసుకుని అక్కడ ముందు చుక్కలు కొట్టుకున్నాడు. తర్వాత చుక్క నుంచి చుక్కకు సన్నటి గీత లాగాడు. మా ఆడవాళ్ళు వాకిట్లో ముగ్గు వేసే పద్ధతే. అందుకే ప్రతి గీత కొసా కొంచెం ఉబ్బి ఉంటుంది. గుండ్రటి అక్షరాన్ని ఇనుప అచ్చు మీద అంత చిన్నగా తిప్పడం ఎవడి తరమూ కాదు, అందుకని దాన్ని మూలలు వచ్చేలా విరిచేశారు. పైన మొదలుపెట్టినప్పుడు చోటు ఉందన్న ధీమాతో ఎడంగా చెక్కి, చివరి వైపుకు వచ్చేసరికి చోటు చాలక అక్షరాలను ఒకదాని మీద ఒకటి తోశారు. ఆ తొందర చూస్తే నాకు నవ్వొచ్చింది. నేమ్‌ప్లేట్ మీద పొడుగు పేరు వచ్చిన ప్రతిసారీ నాకూ అదే గతి.

అచ్చు మీద అక్షరాన్ని తిరగేసి చెక్కాలి, అప్పుడే నాణెం మీద సరిగ్గా పడుతుంది. ఒకచోట ఆ మాట మరిచిపోయినట్టున్నాడు, ఒక్క అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. వాణ్ణి ఎవరు తిట్టారో, తిట్టేవాడికి చదవడం వచ్చో రాదో.

చదవడం గురించి ఎందుకు అన్నానంటే, ముందటి రాజుల నాణేల మీద అక్షరాలు తీరుగా ఉంటాయి. తర్వాతి కాలానికి వచ్చేకొద్దీ చెడిపోతూ వస్తాయి. చెక్కేవాడికి గ్రీకు రాదు. ముందువాడి నాణెం చూసి చెక్కాడు. వాడిది చూసి ఆ తర్వాతివాడు చెక్కాడు. చివరికి వచ్చేసరికి అక్షరం పోయి పుల్లలు పేర్చినట్టు నిలువు గీతలు మిగిలాయి. అయినా ఆ గీతలను కూడా వరస తప్పకుండా, నాలుగు వైపులా, ఎంతో శ్రద్ధగా చెక్కారు. నాకూ అరబ్బీ చదవడం రాదు. కాగితం మీద రాసిస్తే చూసి చెక్కుతాను, అంతే. ఎన్నేళ్ళ కిందటివాడో, ఎక్కడివాడో, ఆ మనిషి మీద నాకు జాలి కలిగింది. నాకు ఒకరి మీద జాలి కలగడం మామూలు విషయం కాదు.

జాలి ఎంతో సేపు నిలవలేదు. కొన్ని నాణేల మీద అక్షరాల మొదళ్ళ దగ్గర ఏదో తేడా కనిపించింది. సమ్మెట దెబ్బతో అచ్చులోకి వెండి పొంగి అక్షరం తేలితే, ఆ అక్షరం నాణెం నేల మీంచి మెల్లగా లేస్తుంది. వీటి మీద అలా లేదు. ప్రతి అక్షరం చుట్టూ, నేలకు ఆనుకుని, సన్నటి గీరు ఉంది. అది ఉలి గీరు. మూసలో పోత పోస్తే ఇంత చిన్న అక్షరాలు మొద్దుబారతాయి. మొద్దుబారిన వాటిని ఎవరో చుట్టూ గీరి నిలబెట్టారు. అంటే ఇవి పాతవి కావు.

ఒక్కొక్కటే మళ్ళీ చూసి రెండు గుట్టలు చేశాను. అసలు గుట్ట చిన్నది. నకిలీ గుట్ట పెద్దది. అనుకున్నంతా అయింది, కఫీల్ ముందే మార్చేసి పెట్టె నా దగ్గర పెట్టాడు, బహ్రెయిన్ మనిషి వచ్చి ఇవి నకిలీవి అనగానే వేలు నా వైపు చూపిస్తాడు, అనుకున్నాను. దుకాణంలో చేత్తో చెక్కడం వచ్చినవాణ్ణి నేనే కదా.

అప్పుడు కనిపించింది చుక్క. విలుకాడి పీట కింద, అక్షరాల సందులో, ఏ గీతతోనూ కలవని ఒక చిన్న గుండ్రటి చుక్క. నకిలీ గుట్టలో ప్రతి నాణెం మీదా ఉంది. అసలు వాటిలో ఒక్కదాని మీదా లేదు.

మా ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. నగ పూర్తయ్యాక, వెనక ఎక్కడో కనబడని చోట మొద్దు మొన ఉలితో ఒక చుక్క కొడతారు. పసిపిల్ల బుగ్గ మీద కాటుక పెట్టినట్టు. ఏ లోపమూ లేని పని అప్పజెబితే దిష్టి తగిలి చేసినవాడి చెయ్యి పడిపోతుందని భయం. పార్థియన్ రాజుల నాణెం మీద దిష్టి చుక్క పెట్టేవాడు అరబ్బుల్లో ఉండడు, ఇరాన్‌లో ఉండడు. ఈ దుకాణంలో ఆ అలవాటున్న చేతులు రెండే. ఒకటి నాది. రెండోది తాయిఫ్‌లో దానిమ్మకాయలు కోస్తోంది.

మామ మీద నాకు వచ్చినంత కోపం జీవితంలో ఎవరి మీదా రాలేదు. అసలువి తినేసి, నకిలీవి పెట్టి, చల్లగా తాయిఫ్ కొండెక్కి కూర్చున్నాడు. నేను ఇక్కడ ఇరుక్కున్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే ఇదే. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేశాను. పలకరింపు కూడా లేకుండా అడిగేశాను.

"మామా, నాణేల మీద చుక్కలు పెట్టింది నువ్వేనా?"

అటువైపు నీళ్ళ మోటారు చప్పుడు. కాసేపటికి అది ఆగింది.

"ఎవలు చూసిండ్రు?" అన్నాడు మామ.

"నేనే చూసిన. అసలువి ఏడబెట్టినవ్?"

"ఏందిరా అల్లుడా, దొంగను అడిగినట్టు అడుగుతున్నవ్?"

"దొంగను ఎట్లడుగుతరో అట్లనే అడుగుతున్న. రేపు బహ్రెయిన్ నుంచి మనిషొస్తుండు. ఆయన చూసినంక కేసు నా మీద పడ్తది, నీ మీద గాదు. నా ట్రాన్స్‌ఫర్ ఆగుతది. పిల్లల మొకం ఎప్పుడు జూస్తనో తెల్వది."

మామ నిట్టూర్చాడు. "ముసలాయన చేపిచ్చిండురా," అన్నాడు. ముసలాయన అంటే ఇప్పటి కఫీల్ తండ్రి. "మైనం అచ్చుదీసి పోత పోసిన. అక్షరాలు మొద్దుగొస్తే ఉలితోని దిద్దిన. కొత్తగ మెరుస్తుంటె ఉడకబెట్టిన కోడిగుడ్డుతోని డబ్బల మూసిపెట్టి నల్లగ జేసిన. ఒకటి తయారైనంక అసలుది ఆయన పట్కపోయెటోడు. అమ్మేటోడు. కొడుక్కు తెల్వొద్దని ఆ జాగల నేను జేసింది పెట్టెటోడు."

"కొడుక్కు చాటుగ అమ్ముకునేంత కష్టం ఏమొచ్చింది ఆయనకు?"

"నీ ఇఖామా," అన్నాడు మామ. "నాది. మనతోని ఉన్నోళ్ళది. లెవీ ఎవలు కట్టిండ్రనుకున్నవ్? కొడుకేమో దుకాణం బంద్ జేసి అందర్నీ పంపియ్యమన్నడు. ఎవల్ని పంపాలె, ఎట్ల పంపాలె అని ముసలాయన నా ముంగట కూసుని ఏడ్సిండు."

పరాయి దేశపు పనివాడికి తలకింతని సర్కారు వేసే ఆ లెవీ వచ్చాక మా వీధిలో ప్రతి దుకాణంలోనూ దాన్ని పనివాళ్ళ జీతంలోంచి కోశారు. మా దుకాణంలో కోయలేదు. ముసలాయన ఏసీ కట్టేయమని గొణిగేవాడు, టీలో పాలు ఎక్కువయ్యాయనేవాడు, కానీ లెవీ మాట ఎత్తలేదు. అప్పుడు నేనేమనుకున్నానో నాకు బాగా గుర్తుంది. ఇందులో ఏదో మతలబు ఉంది, చివర్లో అంతా కలిపి ఒకేసారి కోస్తాడు అనుకున్నాను.

"మరి దొంగ నాణెం మీద చుక్క ఎందుకు పెట్టినవ్ మామా? దొరికిపోమా?"

"చెయ్యి ఊకుంటదా? చుక్క పెట్టకుంట పని అప్పజెప్తె మా నాయన వీపు పగలగొట్టెటోడు. అది దొంగ నాణెమని నాకు యాదికి లేదురా. పని అని యాదికున్నది." మళ్ళీ తనే అన్నాడు, "నా పేరు చెప్పు. నేనే జేసిన్నని చెప్పు. నేనెట్లాగూ ఎగ్జిట్ మీద ఇంటికి పోతున్న."

ఫోన్ పెట్టేశాక కూడా నా బుద్ధి ఊరుకోలేదు. మామ చెప్పింది నిజమేనా? చచ్చినవాడి మీదికి తోసేస్తే అడ్డం చెప్పడానికి వాడు వస్తాడా? ఎగ్జిట్ చేతిలో ఉన్నవాడు కాబట్టి ధైర్యంగా పేరు చెప్పమంటున్నాడు. నాలుగు వైపుల నుంచీ తిప్పి చూశాను. లెవీ ఒక్కటే లెక్క తప్పడం లేదు. అది ఎవరో కట్టారు. నేను కట్టలేదు.

చెప్పకుండా ఊరుకుంటే బహ్రెయిన్ మనిషి చెబుతాడు, అప్పుడు నేను దొంగనవుతాను. చెబితే ఒక పెద్దాయన పరువు ఆయన కొడుకు ముందే తీసినవాణ్ణవుతాను. మర్నాడు కఫీల్ పెట్టె తెరవడానికి వచ్చినప్పుడు నేను ఫోటో తీయలేదు. రెండు గుట్టలు చేసి ఆయన ముందు పెట్టాను. భూతద్దం ఇచ్చి, గీరు చూపించాను. చుక్క చూపించాను. నకిలీవి ఎవరు చేశారో చెప్పాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "హరామీ," అన్నాడు. "నువ్వూ వాడూ కలిసి మార్చారు. వెళ్ళిపోయే ముందు దులుపుకుపోదామనుకున్నావు. ఇప్పుడే పోలీసుకు ఫోన్ చేస్తాను."

నేను ఎదురుచూసిన మాటే. ఫోన్ తీసి మొదటి రోజు ఫోటోలు చూపించాను. ప్రతి ఫోటోలో ఆయన చెయ్యి, ఆ వేలికి ఉంగరం, అరచేతిలో నాణెం. పెద్దది చేస్తే విలుకాడి పీట కింద చుక్క. పెట్టె నా దగ్గరికి రాకముందే చుక్క అక్కడ ఉంది. ఆయన ఒక్కొక్క ఫోటోనే వేలితో జరుపుతూ చూశాడు.

"అయితే ఆ తాయిఫ్‌లో ఉన్నవాడు దొంగ," అన్నాడు. గొంతు కొంచెం తగ్గింది.

"ముదీర్," అన్నాను, "మీ నాన్నగారు మా జీతంలోంచి లెవీ కోయలేదు. ఒక్క నెల కూడా. అది ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసా?"

ఆయన చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది. కోపంతో అరుస్తాడనుకుని నేను తలుపు దగ్గరికి జరిగాను కూడా. ఆయన అరవలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నేనూ అడిగాను," అన్నాడు. "ఈ దుకాణంలో రాబడి లేదు, లెవీ ఎలా కడుతున్నావని ఆయన్ని అడిగాను. అల్లా ఇస్తున్నాడన్నాడు. నేను నమ్మలేదు. అమ్మ పేరు మీదున్న స్థలం నాకు తెలియకుండా అమ్మేస్తున్నాడనుకున్నాను. మొహం మీదే అనేశాను. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడడం తగ్గించేశాడు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా నేను తలుపు దగ్గరే నిలబడి వచ్చేశాను."

ఊరుకోండి అనడానికి ఆయనకు నేనేమవుతాను? టీ చేసి తెచ్చి పక్కన పెట్టాను. ఆయన తాగలేదు. భూతద్దం కంటికి పెట్టుకుని నకిలీ గుట్టలోంచి ఒక్కొక్కటే తీసి, పీట కింద చుక్క వెతుక్కున్నాడు. దొరకనప్పుడు నాకు ఇచ్చాడు, నేను గోటితో చూపించాను. చూసినదాన్ని చూసినట్టు, తల మీంచి తీసిన గుత్రా గుడ్డ కొంగులో వేసుకున్నాడు.

మధ్యాహ్నానికి బహ్రెయిన్ మనిషి ఫోన్ చేశాడు. సముద్రం మీది వంతెన దాటాడట, వస్తున్నానన్నాడు. కఫీల్ గుత్రా కొంగును ముడివేసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"దమ్మామ్‌కు ఎప్పుడు పోతావో పో, నేను ఆపను," అన్నాడు నా వైపు చూడకుండా. ఇంకా బల్ల మీద మిగిలి ఉన్న చిన్న గుట్టను నేను చూస్తున్నాను. ఏది అమ్మాలో, ఏది దాచాలో ఆయన నోట వినకుండా వాటిని ముట్టుకోవడం నాకు ఇష్టం లేదు. బహ్రెయిన్ మనిషి వచ్చాక ఏవి ఇమ్మంటారని అడిగాను.

ఒళ్ళోని మూట మీద చెయ్యి తీయకుండానే చెప్పాడు.

"అసలువి ఇచ్చెయ్."